పదకొండో సీటు

“మీ పని మీరు చేసుకోండి, నేనిక్కడ లేననుకోండి,” అంది యుస్రా, మెడలో వేలాడుతున్న స్టాప్‌వాచ్ నొక్కుతూ.

“మెడలో గంట కట్టుకొచ్చి లేననుకోమంటావేంటే పిల్లా!” అంది సాల్హా. బెల్టుకు రెండు పక్కలా కూర్చున్న ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు.

ఎడారి అంచునున్న కెబిలి ఊరి చివర ఖర్జూరాల ప్యాకింగ్ షెడ్డు అది. బెల్టు మీద పళ్లు కదిలి వస్తుంటే మచ్చపడ్డవీ ఎండినవీ ఏరి బుట్టలో పడేయాలి, మంచివి పెట్టెలో పేర్చాలి. పదకొండో సీటు సాల్హాది. దాని పక్కనే పన్నెండోది యుస్రా తల్లి మబ్రూకది. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం. పొద్దున చేయీ చేయీ పట్టుకుని వస్తారు, సాయంత్రం అలాగే వెళ్తారు. యుస్రాకు ఊహ తెలిసినప్పటి నుంచీ సాల్హా ‘ఖాలా’యే, అంటే పిన్ని.

యుస్రా గాబెస్ పట్నంలో హాస్టల్లో ఉండి బిజినెస్ డిగ్రీ చదువుతోంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం ఏదో ఒక పనిచోట మనుషుల పనిని నిమిషాల్లో కొలిచి, సమయం ఎక్కడ వృథా అవుతోందో రాయాలి. రాసినదాంట్లో తనకూ ఒక కాపీ ఇవ్వాలన్న షరతు మీద షెడ్డు మేనేజర్ లజ్‌హర్ ఒప్పుకున్నాడు.

సెలవులకు ఊరొచ్చి మూడు రోజులు కొలిచింది. తల్లి పెట్టె నాలుగు నిమిషాలకే నిండుతోంది. షెడ్డు మొత్తంలో అంత చురుకైన చేతులు లేవు. యుస్రాకు ఛాతీ పొంగింది. సాల్హా పెట్టెకు మాత్రం తొమ్మిది నిమిషాలు పడుతోంది. ఊరికే పక్కకు వంగుతుంది. మబ్రూక పెట్టెలో చేయి పెట్టి కెలుకుతుంది. ఆమె చెవిలో ఏదో అంటుంది. అప్పుడు గానీ తన పని తనకు గుర్తురాదు. ‘అనవసరపు కదలికలు, గంటకు నలభై’ అని రాసుకుంది యుస్రా.

సెలవుల చివరి రోజు సాయంత్రం తల్లీకూతుళ్లు వాకిట్లో పుదీనా టీ తాగుతున్నారు.

“ఇంతకీ మూడేళ్లుగా ఏం నేర్పుతున్నారే మీకక్కడ?” అంది మబ్రూక.

“మొదటేడు లెక్కలూ చట్టాలూ. రెండో ఏడు సరుకెలా అమ్మాలి, మనుషులతో ఎలా పని చేయించాలి. ఇప్పుడేమో ఆ పని తొందరగా ఎలా అవ్వాలి.”

“మనుషులతో పని చేయించడానికీ పుస్తకముందా? ఎంత లావుంటుందే?”

“నాలుగొందల పేజీలు.”

“మీ నాన్న కంటపడలేదు, బతికిపోయాను,” అని నవ్వింది మబ్రూక. “సరే, రాసింది చదువు. నీ గొంతుతో వింటా.”

యుస్రా చదివింది. పదకొండో సీటు దగ్గరికి వచ్చేసరికి తల్లి నవ్వు ఆగిపోయింది.

“అది తీసెయ్యి.”

“కొలిచింది రాయకపోతే ఇంక చదువెందుకమ్మా?”

“సాల్హా గురించి రాయకే, నీకు పుణ్యముంటుంది.”

“పేరు రాయలేదు. సీటు నంబరే రాశాను.”

“ఆ సీట్లో మనిషి కూర్చుంటుందే.”

“ఖాలాకు వయసైపోయింది, చేతులు ఆడటం లేదు. అది కనబడనీయకుండా నువ్వు వెనకేసుకొస్తున్నావు. అంతేనా?”

మబ్రూక టీ గ్లాసు అంచును వేలితో తడిమి కింద పెట్టింది.

గాబెస్ బస్సులో యుస్రా ఆ పేజీని రెండుసార్లు చించబోయింది. రెండుసార్లూ మార్కులే గుర్తొచ్చాయి. కాలేజీకి ఒక కాపీ, లజ్‌హర్‌కు ఒక కాపీ పంపింది.

క్లాసు మొత్తానికి ఆమెదే మొదటి స్థానం. లజ్‌హర్ పంపిన ఉత్తరాన్ని మాస్టారు అందరి ముందూ చదివారు: “మీ విద్యార్థిని సూచన మేరకు పదకొండో సీటు మనిషిని తీసేశాం.” పిల్లలు చప్పట్లు కొట్టారు. యుస్రాకు ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టయింది. ఆ వారమంతా ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పక్కన పెట్టేయడం. సాల్హాతో ఏమని మాట్లాడాలో తోచలేదు. తల్లి ఫోన్ చేసినా ఆ ఊసే ఎత్తలేదు.

పరీక్షలయ్యాక డిగ్రీ చేతపట్టుకుని ఇంటికి వచ్చింది. పని రోజే అయినా మబ్రూక ఇంట్లోనే ఉంది. గడపలోనే కూతుర్ని దగ్గరకు లాక్కుని, మొహమంతా తడిమి ముద్దుపెట్టుకుంది.

“పనికెళ్లలేదేమ్మా?”

“మానేశా.”

“ఖాలా కోసమా?”

“ప్రయాణం చేసొచ్చావు, ముందు అన్నం తిను.”

అన్నం సహించలేదు యుస్రాకు. లేచి సాల్హా ఇంటికి వెళ్లింది. సాల్హా గడపలో కూర్చుని గోధుమ రవ్వ జల్లిస్తోంది. ఆ మొహంలో కోపం లేదు. అదే యుస్రాను మరీ కుంగదీసింది.

“లజ్‌హర్ గారికి మళ్లీ రాస్తాను ఖాలా. నా లెక్క తప్పని ఒప్పుకుంటాను.”

“తప్పేముందే? నువ్వు కొలిచింది నిజమేగా. తొమ్మిది నిమిషాలు పట్టేది నాకు.”

“నా మూలంగా నీ పని పోయింది. నా మీద కోపంతో అమ్మా మానేసింది.”

“అది మానలేదే, మానిపించారు.” సాల్హా జల్లెడ పక్కన పెట్టింది. “నేను లేచొచ్చిన మూడో రోజుకే దాని పెట్టెలన్నీ తనిఖీ నుంచి తిరిగొచ్చాయి. ఏది విప్పినా మచ్చపళ్లే.”

“అమ్మ పెట్టెలా? షెడ్డులో అమ్మంత పనిమంతురాలు లేదు ఖాలా, నేనే కొలిచాను!”

సాల్హా ఆమెను చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

“నీ చదువయ్యేదాకా నోరు విప్పనని దానికి ఒట్టేశాను.”

“అయిపోయింది ఖాలా. చెప్పు.”

సాల్హా ఆమె తల నిమిరింది.

“మీ అమ్మకు కళ్లు కనబడక రెండేళ్లయిందే తల్లీ.”