ఎండిన శనగ వరుసలు

"రేపు ట్రాక్టర్ పిలిచి దున్నిపిస్తా పాపా. సచ్చిన చేను చూస్తా కూచుంటే ఏమొస్తాది?"

ఆదినారాయణ ఆ మాట అనేసి, కూతురి మొహం చూడలేక ఆళ్లగడ్డ దారి పట్టాడు.

గీతాంజలి శనగచేను గట్టు మీద కూలబడింది.

నంద్యాలలో ఒక శనగ ప్రాజెక్టులో ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఎండు తెగులును తట్టుకునే రకం కోసం మూడేళ్లు కష్టపడింది. తండ్రి ఇచ్చిన అర ఎకరంలో దాన్ని వేసి, పూత దాకా కాపాడుకొచ్చింది. వారం తిరిగేసరికి సగం చేను ఎండిపోయింది.

మార్చితో ప్రాజెక్టు ఆఖరు. ఆ తర్వాత ఏమిటో ఆమెకే తెలియదు.

మిగిలింది ఒక్కటే ఆశ. అభివృద్ధి చెందుతున్న దేశాల మహిళా శాస్త్రవేత్తల కోసం మే నెలలో నైరోబీలో అంతర్జాతీయ వర్క్‌షాప్ ఉంది. అక్కడ మెప్పిస్తే రెండేళ్ల పరిశోధనకు సాయం దొరుకుతుంది. మన దేశానికి ఒక్కటే సీటు. గీతాంజలి పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది.

"ఏంది చెల్లెలా, ఒక్కదానివే కూచోని ఏడుస్తాండావ్?"

గీతాంజలి ఉలిక్కిపడి తిరిగింది.

ఎవరో ఆడమనిషి. నలభై అయిదేళ్లుంటాయి. తలకు బిగించి చుట్టిన స్కార్ఫు, లోతుకు పోయిన కళ్లు. రోడ్డు మీద నుంచి ఆ కాస్త దూరం నడిచినందుకే రొప్పుతోంది.

"ఏం లేదులేక్కా. యాడికి పోవాల నువ్వు?"

"నంద్యాల ఆస్పత్రికి. చాగలమర్రి నుంచి వస్తాండా. ఈడ దిగినా. ఇంకో బస్సుకు పోతాలే."

పిలవకుండానే ఆమె పక్కన కూర్చుంది. ఏ విత్తనం, ఎప్పుడు వేశావు, తడి ఇచ్చావా అని ఒకటే ప్రశ్నలు.

గీతాంజలికి ఓపిక నశించింది.

"మూడేండ్ల పని మట్టిలో కలిసిపాయ అక్కా. ఇంక నైరోబీ ఒకటే దిక్కు. నాకంటే ముందు ఎవరో ఒకామె ఉందంట. ఆయమ్మకు అన్నీ ఉంటాయి. పోయినా పోకున్నా ఒకటే. నాకట్ల కాదు. ఆయమ్మకు ఏమన్నా అయితే బాగుండనిపిస్తాంది."

అనేశాక తన నోటికి తనే భయపడింది.

ఆమె చేను వంక చూసింది. ముందుకు వంగి ఎండిన మొక్కనొకదాన్ని పీకింది. వేరు పుటుక్కున తెగింది. కాండాన్ని గోటితో నిలువునా చీల్చింది.

"లోపల చూడు. నల్లచార ఉందా?"

"లేదు."

"ఎండు తెగులైతే నల్లగుంటాది గదా. ఇది వేరే రోగం, వేరుకుళ్లు. తడి లేక, ఎండకు వచ్చింది. నీ రకం ఓడిపోలా."

గీతాంజలి మొహం ఎర్రబడింది. ఆ సంగతి తనకు తెలియనిది కాదు. వారం రోజులు ఏడవడమే కానీ ఒక్క మొక్కనూ చీల్చి చూడలేదు. దారిన పోయే మనిషితో చెప్పించుకోవాల్సి వచ్చిందని ఉక్రోషం పొంగింది.

"నీకెట్ల తెలుసు?"

"మా నాయన మాబు సాహెబ్ ఊరూరు తిరిగి విత్తనాలు అమ్మేటోడు. ఆయన ఎంబడే తిరిగినా చిన్నప్పుడు."

"విత్తనాలమ్మితే రోగాలన్నీ తెలిసిపోతాయా? పోక్కా, నీ బస్సు చూసుకో."

"మళ్లొకసారి వస్తే చేను చూపిస్తావా?"

"వద్దులే. నా పని నన్ను చేసుకోనీ."

ఆమె నేలకు చేతులానించి లేచింది. రోడ్డు చేరేలోగా రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. గీతాంజలి చూసింది. లేవలేదు.

ఆమె కనుమరుగయ్యాక ఒక మొక్కను చీల్చింది. ఇంకొకటి. మధ్యాహ్నానికి రెండు వందల మొక్కలు చీల్చింది. ఒక్కదాంట్లోనూ నల్లచార లేదు.

రోడ్డు మీదికి పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు. పేరైనా అడగలేదు.

ట్రాక్టర్ రాకుండా ఆపింది.

పదిహేను రోజులకు నైరోబీ నుంచి మెయిల్ వచ్చింది. సీటు ఖాళీ అయింది, మీరు రండి అని. ఎందుకు ఖాళీ అయిందో గీతాంజలి అడగలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటారోనని ఆ క్షణమే వస్తానని రాసేసింది.

మార్చిలో ఉద్యోగం పోయింది. మేలో విమానం ఎక్కింది.

నేపాల్, సూడాన్, బొలీవియా నుంచి వచ్చిన ఆడవాళ్ల మధ్య తన శనగ గురించి చెప్పింది. చీల్చిన రెండు వందల కాండాల ఫొటోలు చూపించింది. చివరి రోజు, సాయం అందుకునేవాళ్ల జాబితాలో ఆమె పేరుంది.

వర్క్‌షాప్ నడిపిన కెన్యా పెద్దావిడ దగ్గరికి పిలిచింది.

"మీ దరఖాస్తు కంటే మీ గురించి వచ్చిన ఉత్తరమే మమ్మల్ని ఎక్కువ ఒప్పించింది."

"ఏ ఉత్తరం?"

ఆవిడ లాప్‌టాప్ ఇటు తిప్పింది. ఉత్తరం చివరి పేరా తెర మీద ఉంది. 'ఆమె చేను నేను స్వయంగా చూశాను. మొక్కలు చచ్చాయి, రకం బతికే ఉంది. ఇప్పుడు సాయం అందకపోతే ఆమె ఈ పని వదిలేస్తుంది.' కింద సంతకం: డాక్టర్ అస్మా, చాగలమర్రి.

చాగలమర్రి పేరు చూడగానే, గట్టు మీద తన పక్కన కూర్చున్న మనిషి గీతాంజలికి గుర్తొచ్చింది.

"ఈమె నంబరు ఇస్తారా? ఊరికి పోగానే కలవాలి. క్షమించమని అడగాలి."

ఆవిడ కళ్లద్దాలు తీసింది.

"ఏప్రిల్‌లో పోయారమ్మా. క్యాన్సర్. మీకు తెలుసనుకున్నాను."

గీతాంజలి ఉత్తరాన్ని పైకి జరిపి, మొదటి వాక్యం చదివింది.

'ఈ ఏడాది భారతదేశం నుంచి మీరు ఎంపిక చేసింది నన్ను. నేనిక ప్రయాణం చేయలేను, నా తర్వాతి పేరు మా పక్క ఊరి అమ్మాయిదని చూసి ఈ రోజు వెళ్లి కలిసి వచ్చాను, నా సీటు ఆమెకివ్వండి.'