ఎదురుగుమ్మం

“ఈ ప్లాను మాకొద్దు,” అన్నాడు మల్లేశు, బల్ల మీది అట్టముక్కల నమూనాను వెనక్కి నెడుతూ.

దీవిలోని గరాచర్మ ఊళ్లో మత్స్యకారుల హౌసింగ్ సొసైటీకి దొరికింది చిన్న స్థలం. ఇళ్లు కావలసినవాళ్లేమో నలభై కుటుంబాలు. అందుకే ఆర్కిటెక్టు కనకలక్ష్మి చుట్టూ నాలుగంతస్తులు పేర్చి, నడుమ అందరికీ కలిపి పచ్చిక వదిలింది. కొబ్బరిచెట్లు, పిల్లల ఆటలు, వలలు బాగుచేసుకునే అరుగు అన్నీ అక్కడే. మెట్లన్నీ ఆ పచ్చికలోకే దిగుతాయి.

“ఏం లోపం భయ్యా?”

“గుమ్మాలన్నీ ఎదురెదురు పెట్టీసినావు దీదీ. పొద్దున్నే ఏటకెల్లేటప్పుడు ఎవులెదురొస్తారో ఏటో! అన్నీ రోడ్డేపు తిప్పియ్యి.”

“అలా తిప్పితే నడుమనున్నది పచ్చిక కాదు, చెత్తకుప్ప అవుతుంది. ఎవరికీ పట్టదు.”

“అయితే ఒక్క గుమ్మం తిప్పియ్యి. బస్.”

ఎవరి గుమ్మమో అతను చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. మీటింగుకు వచ్చినవాళ్లందరూ కిటికీ దగ్గర కూర్చున్న అచ్చమ్మ వైపు చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు. మొగుడు సముద్రంలో పోయాక ఆవిడ వీళ్ల వలలే బాగుచేసి బతుకుతోంది. ఆవిడ వేసిన ముడి మంచిదే, ముఖమే చెడ్డది. లోకం లెక్కలు అలాగే ఉంటాయి.

“ఎనకాల నీళ్ల ట్యాంకు పక్కన ఆమెకి వేరే మెట్లు పెట్టియ్యి దీదీ,” అన్నాడు సొసైటీ ప్రెసిడెంటు శివాజీ. “ఝగడా ఖతమ్.”

“అక్కడ గాలి ఆడదు. వెలుతురుండదు. పచ్చిక కంటికి కూడా కనపడదు,” అంది కనకలక్ష్మి.

“సరేననే వాళ్లు చేతులెత్తండి,” అన్నాడు శివాజీ అందరితో.

చేతులు లేచాయి. మొదట రెండు, తర్వాత బిలబిలమంటూ అన్నీ. కనకలక్ష్మి మళ్లీ అడ్డు చెప్పబోయింది. కానీ ఇళ్లు వాళ్లవి. నమూనాలోంచి అచ్చమ్మ మెట్లు ఊడబీకి ట్యాంకు పక్కన అంటించింది.

అప్పుడు అచ్చమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

“అమ్మా, మల్లేశు గుమ్మం ఏది?”

కనకలక్ష్మి చూపించింది. పచ్చికకు సరిగ్గా ఎదురుగా ఉంది.

“నాను ఎనక్కే పోతాను, పర్నేదు. ఇది కూడా పీకి నా పక్కనే ఎట్టియ్యి.”

మల్లేశు గయ్యిమన్నాడు. “నా గుమ్మం ఏటి సేసింది వదినా?”

“ఏటీ సెయ్యనేదు బావు,” అంది అచ్చమ్మ. “మా ఆయన ఆకరిపాలి ఏటకెల్లిన పొద్దు ఎదురొచ్చింది నువ్వే.”