మైక్ ఆపిన తర్వాత

కంపెనీ పని మీద విదేశాలకు పోయిన మనుషులకు రోజూ ఫోన్ చేసి, వాళ్ల క్షేమం కనుక్కోవడం కృపాకుమారి ఉద్యోగం. ముదిగుబ్బలో ఇంటి నుంచే చేస్తుంది. ఆ రాత్రి ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కెన్యాలో బోర్లు వేస్తున్న ఓబులేష్ ఫోన్ ఎత్తినాడు.

"జరం, దగ్గు ఏమన్నా ఉండాయా అన్నా?"

"నాకేం లేదు మేడం. మీ పక్కన ఎవరో పెద్దాయన శానా దగ్గుతాండాడే?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. మంచం ఖాళీగా ఉంది. ఆమెకు ఏ దగ్గూ వినపడలేదు. ఫోన్‌లో మైక్ ఆపేసింది. ఇక ఇక్కడి చప్పుడు అతనికి పోదు.

కాసేపటికి ఓబులేష్ గొంతు మెల్లగా వినిపించింది.

"దగ్గు తగ్గింది మేడం. ఇప్పుడు కృపా, కృపా అని పిలుస్తాండాడు. కృప ఎవరు? పాపం, పలకమని చెప్పండి."