గోనెసంచిలో స్టీరింగ్

ఉతికిన దుప్పటిని రెండు చేతులా దులిపి తీగ మీద ఆరేస్తుండగా గేటు చప్పుడైంది.

ఆమె తల తిప్పి చూసింది.

గోనెసంచిలో పొడవాటిదేదో చుట్టి భుజాన పెట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"స్టీరింగ్ సామాను తెచ్చానమ్మా."

"హమ్మయ్య! షాపాయన పంపిన మనిషేనా? నిన్నటి నుంచి కళ్ళల్లో వత్తులేసుకుని కూచున్నాం. ఇదిగో అదిగో అంటూ మీ వాళ్ళు తిప్పుతుంటే తల ప్రాణం తోకకొచ్చింది."

పెద్దాయన సంచిని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"బండెక్కడ?"

షెడ్డులో ఉంది బండి. రెండే సీట్లు, పొడవాటి ముక్కు, పైకప్పు లేని పాత స్పోర్ట్స్ కారు. వయసులో ఆమెకంటే పెద్దది. చక్రాలను తిప్పే పళ్ళ కడ్డీ అరిగిపోయింది. స్టీరింగ్ తిప్పితే చక్రం కాసేపు ఆలోచించుకుని, అప్పుడు తిరుగుతోంది. ఆ బండి చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. పాత సామాన్ల కొట్లన్నీ గాలించాక ఒక్క షాపాయన మాత్రం చూస్తానన్నాడు.

పెద్దాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. "నేనే బిగించి పోతాను."

"నాన్న లేకుండానా? అమ్మతో ఆసుపత్రికి వెళ్ళారు. ఆయన లేనప్పుడు ఎవరైనా బండి ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేస్తారు."

"బండి ఎప్పటికి కావాలి?"

"రేప్పొద్దున్న కొండదారి పందేనికి."

"మరి ఆయనొచ్చేదాకా కూచుంటే అవుతుందా?"

ఆమె ఒకసారి గేటు వైపు చూసింది.

"సరే, కానివ్వండి. రంగు మీద గీత పడిందో, షాపుకొచ్చి మరీ పోట్లాడతాను."

"అలాగే రా తల్లీ," అని నవ్వి కారు కిందికి దూరాడు.

ఆమె లైటు పట్టుకుంది. పాత కడ్డీ బయటికొచ్చింది. సంచిలోది లోపలికెళ్ళింది. అదీ కొత్తది కాదు. కానీ ఒక్క పన్నూ అరగలేదు, గ్రీజు ఇంకా తడిగా మెరుస్తోంది.

"ఏ బండిలోంచి తీశారు?"

"ఖాళీగా ఉన్న బండిలేమ్మా. మీ నాన్నకి ఆసుపత్రి ఏమిటి?"

"బండికీ ఆయనకీ ఒకటే జబ్బు, కీళ్ళు అరిగాయి. భుజానికి ఆపరేషన్ చేస్తారట. ఆ తర్వాత ఈ బండి తోలే మాటే లేదన్నారు. రేపటిదే ఆఖరి పందెం."

"గెలవాలనుందా?"

"గెలుపెవరిక్కావాలి! ఒక్కసారి ఆ పసుపు కారాయన్ని దాటితే చాలట. ఆయనదీ ఇదే మోడలు. ఏళ్ళ తరబడి నాన్న వెనకే, ఆయన ముందే. నాన్న ఆయన పొగ మింగినంతగా మా అమ్మ వంట కూడా తిని ఉండరు."

"మనిషెలాంటివాడు?"

"ఎవరికి తెలుసు? హెల్మెట్టు తప్ప మొహం చూసిన పాపాన పోలేదు. నాన్నని ఒక్కరోజూ పలకరించింది లేదు. పొగరు, ఇంకేముంటుంది!"

"పొగరేనమ్మా," ఒప్పుకున్నాడు పెద్దాయన కారు కింద నుంచే. "వయసు మీద పడ్డాక కాస్త తగ్గిందని విన్నాను."

దారం కట్టి చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. తర్వాత ఇంజను స్టార్ట్ చేయమన్నాడు.

చెవి ఒగ్గి విని మొహం చిట్లించాడు.

"కార్బ్యురేటర్లు రెండున్నాయా? ఒకటి పని చేస్తోంది, ఇంకోటి పెత్తనం చేస్తోంది."

ఆమెకు నవ్వాగలేదు.

చిన్న రబ్బరు గొట్టం అడిగి తీసుకున్నాడు. ఒక కొస గాలి పీల్చే కార్బ్యురేటర్ నోటి దగ్గర, రెండో కొస తన చెవిలో. ఒకదాన్ని విని, ఇంకోదాన్ని విని, స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ మొదటిదాన్ని విన్నాడు. విసుగు లేదు, తొందర లేదు. చేతులకంటే చెవులే ఎక్కువ పనిచేశాయి.

"ఇప్పుడు నువ్వు వినమ్మా."

ఆమె గొట్టం చెవిలో పెట్టుకుంది. ఇటు విన్నా, అటు విన్నా ఒకటే శ్వాస. ఒకే చాప మీద ఆదమరిచి నిద్రపోతున్న ఇద్దరు పిల్లల ఊపిరిలా.

లోపలికి రమ్మని, కాసిని మంచినీళ్ళివ్వాలని ఆమెకు తోచేలోపే ఆయన చేతులు తుడుచుకుని గేటు దాకా వెళ్ళాడు.

"చివరి మలుపులో బ్రేకు ముందే తొక్కొద్దని చెప్పు మీ నాన్నకి. అక్కడే వెనకబడుతున్నాడు."

'సామానుతో పాటు సలహా ఉచితం కాబోలు,' అనుకుంది ఆమె.

నాన్న అమ్మతో కలిసి వచ్చీ రాగానే స్టీరింగ్ పట్టుకున్నాడు. ఇలా తిప్పితే అలా తిరిగింది చక్రం. ఇంజను స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"ఎవరే ఈ మహానుభావుడు?"

"షాపాయన మనిషి."

అంతలో ఫోను మోగింది. షాపాయనే.

"ఏమనుకోకండి సార్. ఎక్కడా దొరకలేదు. రేపటి పందెం మీద ఆశ వదులుకోండి."

నాన్న ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగాడు. "వచ్చినాయన ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు నాన్నా. పోతూ పోతూ... చివరి మలుపులో బ్రేకు ముందే తొక్కొద్దని చెప్పమన్నాడు."

నాన్న ఇంజను ఆపేశాడు.

"అది కొండ వెనకాల మలుపే. పందెం చూసేవాళ్ళకి కనబడదు. అక్కడ నేను జంకడం ఎవరికైనా తెలిసిందంటే, ముందున్న బండి అద్దంలో చూసి ఉండాలి."

"అంటే రేపు ఆయన బండి..." అంది అమ్మ, మాట పూర్తిచేయకుండా.

పక్క సీటులోని పనిముట్ల పెట్టెను కింద పెట్టి, భుజం మీది తువ్వాలుతో ఆ సీటును శుభ్రంగా తుడిచి, తన బండి స్టీరింగ్ ఊడదీసి ఇచ్చిన పసుపు కారాయన్ని రేపు పక్కన కూచోమని అడగడానికి, నాన్న గేటు దాటి వెళ్ళిపోయాడు.