మొహం అలాగే ఉంచు

ఆసుపత్రి నుంచి తిన్నగా అన్నయ్య ఆఫీసుకే వెళ్లాను. నాకు పుట్టుచెవుడు. ఆయన సైగల భాషలో పెద్ద పండితుడు. చిన్నప్పటినుంచీ నా చేతుల్ని వీడియో తీసి తీసి ప్రొఫెసరయ్యాడు. నేనేం చెప్పినా ఆయనకు ముందు చెయ్యి కనిపిస్తుంది, తర్వాతే మాట.

గుమ్మంలోనే నిలబడి రెండు సైగలు చేశాను. ఆయన కళ్లు మెరిశాయి.

"ఉండు, కెమెరా పెట్టనీ. మళ్లీ చెయ్యి," అన్నాడు చేతులతోనే.

చేశాను.

"నీడ పడింది. కిటికీ వైపు తిరుగు."

ఒళ్లు మండిపోయింది. అయినా తిరిగి, మళ్లీ చేశాను.

"బావుంది. ఇంకొంచెం నెమ్మదిగా. మొహం మాత్రం అలాగే ఉంచు."

స్టాండుని కాలితో ఒక్క తన్ను తన్నాను. కెమెరా కింద పడింది. వంగి దాన్నే ఒళ్లో పెట్టుకుని తడిమి చూశాడు, ఎక్కడైనా పగిలిందేమోనని.

"పిచ్చి పట్టిందా నీకు? ఆ రెండు సైగలూ నువ్వు కలిపి చెయ్యడం ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు, తెలుసా?"

"నాకూ ఇవాళే అవసరం పడింది," అన్నాను.

గడ్డం పట్టుకుని ఆయన మొహం నావైపు తిప్పుకున్నాను. ఆయన అడిగినట్టే, నెమ్మదిగా చేశాను.

అమ్మ.

పోయింది.