నూట పదిహేడో ట్యూబు

“మీ మిషను తప్పు చూపించిందేమో అన్నయ్యా!”

పొద్దుట్నుంచి హెప్సిబా ఫోన్ చేయడం ఇది నాలుగోసారి. అవతల గుడివాడ ల్యాబు ఇన్‌చార్జి శామ్యూల్ రాజ్‌కి ఓపిక అయిపోయింది.

“మిషనుకేమన్నా మీ మీద పగా చెల్లెమ్మా? మూడుసార్లు వేశాను. నూట పదిహేడో ట్యూబు, క్రియాటినిన్ తొమ్మిది. ఒకటిన్నర దాటితేనే మనం కంగారుపడతాం. ఆ మనిషెవరో చూసి ముందు ఆసుపత్రిలో చేర్చండి.”

“టైమెంత ఉంటుందన్నయ్యా?”

“వారమో, పది రోజులో. రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. డయాలసిస్ మొదలెడితే ప్రాణం నిలబడుతుంది. ఇలా ఫోన్లు చేస్తూ కూర్చుంటే పోతుంది.”

ఫోన్ పెట్టేసి ఆవిడ మంచినీళ్ల గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి పక్కన పెట్టేసింది.

డెల్టా పల్లెల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చే పరిశోధన ఇది. రక్తం తీసేది బందరు ఆసుపత్రి. పరీక్షించేది గుడివాడ ల్యాబు. లెక్కలు కట్టేది అవనిగడ్డ కాలేజీ. ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. మధ్యలో కోఆర్డినేటర్ హెప్సిబా. ఒకప్పటి నర్సు కాబట్టి, మనుషులు తక్కువైతే రక్తం తీసేదీ ఆవిడే. మద్దెలకి రెండువైపులా వాయింపైతే ఈవిడకి మూడువైపులా! బస్సుల్లో తిరిగి తిరిగి పాదాలు వాచి చెప్పుల్లో పట్టవు. అన్నం సయించక రెండు నెలలైంది. అయినా ఒక్క ఫైలు ఆగనివ్వలేదు, మహాతల్లి.

పైగా ఒక దిక్కుమాలిన రూలు. ఊరికి నలభై మంది. ఎవరెవరి రక్తం తీయాలో ముందే జాబితా రాసేస్తారు. అనుకున్న రోజున ఒక్క ట్యూబు తగ్గిందా, ఊరు మొత్తాన్నీ పరిశోధనలోంచి కొట్టేస్తారు. గిలకలదిండి నుంచి నలభై ట్యూబులూ పదకొండు గంటల వ్యానుకి అందాయని మొన్న అందరూ హెప్సిబాని తెగ మెచ్చుకున్నారు.

నూట పదిహేడు ఆ ఊరి కోటిలింగానిది.

సంగతి తెలియగానే ప్రోగ్రాం పెద్ద డాక్టర్ గోవర్ధనరావు జీపు తీయించారు.

“ముందు ఆ ట్యూబు ఇంకో ల్యాబులో చూపిద్దామండీ సార్,” అంది హెప్సిబా.

“మనిషి ప్రాణం పోతుంటే ట్యూబు పట్టుకుని వేళ్లాడతావేంటమ్మా! ఎక్కు.”

హార్బరులో కోటిలింగం ఐసు పెట్టె భుజానికెత్తుకుని బోటెక్కుతున్నాడు. యాభై ఏళ్ల మనిషి, దుక్కలా ఉన్నాడు. డాక్టరుగారు విషయం చెప్పగానే అతని భార్య వీరలక్ష్మి గుండెలు బాదుకుంది.

“నాకేం జబ్బండీ? అసలు నేను...” అంటున్నాడు కోటిలింగం.

“నోర్ముయ్! పెద్దాయన చెబుతుంటే ఎదురుమాటా? చెయ్యి చాపు ముందు!” అంటూ మొగుడి చెయ్యి తనే ముందుకు లాగింది.

హెప్సిబా రక్తం తీసింది. అతని మొహంలోకి మాత్రం చూడలేదు.

మధ్యాహ్నానికల్లా గుడివాడ నుంచి ఫలితం వచ్చింది. సున్నా పాయింట్ తొమ్మిది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు.

ఆఫీసులో అందరూ హమ్మయ్య అనుకున్నారు. హెప్సిబా కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పాపం, ఎంత మంచి మనసో అనుకున్నారు.

డాక్టరుగారి మొహం మాత్రం నల్లబడింది.

“అయితే ఆ పాత రక్తం ఎవరిది? మిగతా ముప్ఫై తొమ్మిది మందిలో ఎవరో చావుని పక్కన పెట్టుకుని మామూలుగా తిరుగుతున్నారన్నమాట! రేపే అందరికీ మళ్లీ తీయండి. ఇది ల్యాబులో జరిగిన తారుమారే. ఆ శామ్యూల్ రాజ్‌ని ఇప్పుడే పీకేస్తున్నాను.”

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు.

హెప్సిబాకి ఏడుపు ఆగిపోయింది. భయం ఇంకా ఉంది. అయినా బల్ల పట్టుకుని లేచి నిలబడింది.

“ఆయన్నేం అనకండి సార్... ఆ రోజు కోటిలింగం బాబాయ్ వేటకెళ్లి రాలేదని, ఒక్క ట్యూబు కోసం ఊరంతా పోతుందని, నా చేతిలోంచే రక్తం తీసి నింపేశాను.”