వంగపండు పిట్టల వేపుడు

బయ్యూమీ పళ్లెం ముందుకు తోశాడు. తలలతో సహా వేయించిన వంగపండు పిట్టలు. పిట్టల మీద పరిశోధనకొచ్చిన షాహెందా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తిను డాక్టరమ్మా. ఎముకలతో సహా నమిలెయ్యాలి."

"సముద్రం దాటి, సత్తువంతా అయిపోయి నీ అంజూరు చెట్ల మీద వాలతాయి బాబాయ్. వాటికి వల కడతావా? రోత పుట్టదూ?"

"మా తాతా కట్టాడు, నాన్నా కట్టాడు. పాపం, వాళ్లు నెలంతా పడిగాపులు కాస్తే రెండు మూడు రోజులు పడేవి. మాకా తిప్పలు లేవు."

"పిట్టలేమన్నా కబురు పెట్టి వస్తున్నాయా?"

బయ్యూమీ పొడుగాటి గలాబియా అంగీ అంచుకి చెయ్యి తుడుచుకుని, దిండు కింద నుంచి అట్ట ఊడిన పుస్తకం తీశాడు. పేజీల నిండా నూనె మరకలు.

"ఎవరో మహాతల్లి పిల్లల కోసం రాసిందట. ఉత్తరపు గాలి మొదలైన మూడో రోజు తెల్లవారుజామున మన అంజూరు తోటల్లోనే దిగుతాయని. అక్షరం తప్పలేదు. వలున్న ప్రతి ఇంట్లో ఇదుంది."

షాహెందా పుస్తకం మీదికి వంగింది. తెరిచిన పేజీలో పసుపు పిట్ట బొమ్మ తాను గీసిందే. ఆరేళ్లు ఈ తీరమంతా తిరిగి రాసిన మాటలూ తనవే. తన వేళ్లను చూసుకుంటే రోత పుట్టింది.

"రాసినావిడ ఎప్పుడైనా కనిపిస్తే కడుపునిండా పెట్టి పంపాలమ్మా," అన్నాడు బయ్యూమీ, పళ్లెం ఇంకాస్త ఆమె వైపు జరుపుతూ.